పొగ – కడుపులోని బిడ్డ – చర్మం

పసిబిడ్డ బుగ్గలు ఎర్రగా పొక్కి, మోచేతి మడతల్లో రసి కారిందంటే మా హిందూపురం వైపు అందరూ అనేది ఒకటే మాట: "గజ్జి". ఆ వెంటనే నేరమంతా తల్లి తిన్న వంకాయ మీదికి పోతుంది. ఆ పూట నుండి ఆ యమ్మకు చారన్నమే గతి.

నిజానికి గజ్జి వేరు, ఎగ్జిమా వేరు. గజ్జి కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వచ్చి ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. ఎగ్జిమా అంటదు. చర్మం పైపొర తేమను నిలుపుకోలేక, బయటి వాటిని అడ్డుకోలేక వచ్చే జబ్బది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీను తాలూకు జన్యువులో లోపముంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. అయితే కథ జన్యువుతో ముగియదు. కడుపులోని బిడ్డ చర్మం గట్టిపడటం దాదాపు ఆరో నెలలో మొదలవుతుంది. ఆ రోజుల్లో తల్లి పీల్చే గాలి మాటేమిటి?

పొగలో 2.5 మైక్రాన్లకు లోపు రేణువులుంటాయి. తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు వాటిని ఆపలేదు. మరీ సన్నవి ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తాయి. మాయ అడ్డుకుంటుంది కదా అంటారేమో! మాయలో బిడ్డవైపు భాగంలోనే మసి రేణువులను బెల్జియం పరిశోధకులు 2019లో చూశారు. 2022లో పిండం కాలేయంలో, మెదడులో కూడా కనిపించాయి.

బొగ్గుపొగకు పేరుబడ్డ పోలండు నగరం క్రాకోలో, గాలిని కొలిచే పరికరాన్ని గర్భిణులచేత 48 గంటలు మోయించి, పుట్టిన బిడ్డలను ఏడాదిపాటు గమనించారు. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. కడుపులో ఉండగా సన్నరేణువులు, పుట్టాక ఇంట్లో పొగాకు పొగ – విడివిడిగా చూస్తే పెద్ద తేడా తేలలేదు. రెండూ కలిసినచోట ఎగ్జిమా స్పష్టంగా పెరిగింది. ఇంకో సంగతి: గర్భిణిగా చేపలు బాగా తిన్న తల్లుల బిడ్డలకు అది తక్కువ. మనమేమో తిండి మాన్పించి, పొగను వదిలేస్తున్నాం.

ఇక మన ఊళ్ళకు వద్దాం. పెనుకొండ పక్కనుంచి 44వ జాతీయ రహదారి మీద రాత్రింబవళ్ళు లారీలే. హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే బేసిన్ల కింద, ధర్మవరంలో పట్టుకు రంగులద్దే కాగుల కింద చాలాచోట్ల మండేది కట్టెలే. పొద్దంతా ఆ ఆవిరిలో, పొగలో కూర్చున్న ఆడమనిషి ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది. సిలిండరుంది. అయినా స్నానాల నీళ్ళకూ సంగటికీ కట్టెలే. "గ్యాసు మీద సంగటి కుదరదబ్బా" అంటుంది మా జేజి. కుదరదని కాదు, సిలిండరు తొందరగా అయిపోతుందని.

పొయ్యి వాకిట్లోకి మార్చడం, ఆ నెలల్లో ఇంకొకరు ఊదడం, మగవాళ్ళు బీడీ వీధిలో తాగిరావడం – వీటికి ఖర్చేమీ లేదు. బిడ్డకు ఎగ్జిమా వచ్చేసి ఉంటే సున్నిపిండితో బరబరా రుద్దడం మానాలి. గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం ముగించి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసి, డాక్టరుకు చూపించాలి.

బేసిన్ ముందు కూర్చునే మనిషి సంగతి మాత్రం ఇంత సులువు కాదు. ప్రసూతి సెలవుల చట్టం పదిమందికి తక్కువగా పనిచేసే చోట్లకు వర్తించదు. మన రీలింగు కొట్టాల్లో పదిమంది ఉండేవి ఎన్ని? ఉన్నచోట కూడా కాన్పుకు ముందు దొరికేది ఎనిమిది వారాలే. బిడ్డ చర్మం గట్టిపడటం అంతకు ముందే మొదలై ఉంటుంది.