గాదెలో ఎంత గింజ? – తోట, అడవి, కర్బనం

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు బస్సులో ఎప్పుడైనా వెళ్లారా? దారి పక్కన జామాయిల్ తోటలు కనిపిస్తాయి. పెరేడు చేసే పోలీసుల్లా వరసలు తీరిన సన్నని, తెల్లని మానులు. ఇంకా ముందుకు పోతే అడవి తగులుతుంది. దానికి వావీ లేదు, వరసా లేదు. మద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, మధ్యలో పుట్టలు, తీగలు.

ఒకసారి మా తొమ్మిదో తరగతిలో అడిగాను: "గాలిలోని కార్బన్ డయాక్సైడును ఎక్కువగా దాచుకొనేది ఏది? తోటా, అడవా?" దాదాపు అందరూ తోటకే చేతులెత్తారు. "జామాయిల్ తొందరగా పెరుగుతుంది కదా సార్!" అన్నారు.

ఆ జవాబులో సగం నిజం ఉంది. మిగతా సగం కోసం కొంచెం లెక్క చేద్దాం.

కిరణజన్య సంయోగక్రియలో ఆకులు గాలి నుంచి కర్బనాన్ని తీసుకుంటాయి. అందులో కొంత కలపగా మారుతుంది. తడి పూర్తిగా ఆరిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనమే! ఆ కట్టె కాలినా, కుళ్లినా కర్బనం మళ్లీ గాలిలో కలుస్తుంది. కనుక మనం అడగవలసిన ప్రశ్నలు రెండు. ఏటా ఎంత చేరుతోంది? ఎంత నిలవ ఉంది? ఇంటికి ఎన్ని బస్తాలు వచ్చినా, వచ్చినవి వచ్చినట్టే అమ్మేస్తుంటే గాదెలో ఏం మిగులుతుంది?

నాలుగైదేళ్ల జామాయిల్ చెట్టు ఒకటి తీసుకుందాం. చుట్టుకొలత 40 సెంటీమీటర్లు, ఎత్తు 14 మీటర్లు అనుకోండి. పక్కనే ముదురు నల్లమద్ది. చుట్టుకొలత 160 సెంటీమీటర్లు, ఎత్తు 18 మీటర్లు. చుట్టుకొలత నాలుగు రెట్లే కదా అనకండి. అడ్డుకోత వైశాల్యం పదహారు రెట్లవుతుంది! పైగా మద్ది కలప బరువైనది. ఘనపు మీటరుకు జామాయిల్‌కు 600 కిలోలు, మద్దికి 750 కిలోలు వేసుకుందాం. మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఘనపరిమాణంలో సగమే తీసుకుంటే, జామాయిల్‌లో కర్బనం సుమారు 27 కిలోలు, మద్దిలో సుమారు 690 కిలోలు వస్తుంది. ఇది మోటు లెక్కే. కొమ్మలు, వేర్లు ఇందులో లేవు.

"ఎకరం తోటలో చెట్లెన్ని ఉంటాయో చూడరేం?" అని మా క్లాసులో ఒక అమ్మాయి నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 670 మొక్కలు పడతాయి. ఒక్కటీ చావలేదనుకున్నా కోతనాటికి 18 టన్నుల కర్బనం. కాని కోసిన మర్నాడు నేలమీద మోళ్లే! సున్న నుంచి 18కి పెరిగి మళ్లీ సున్నకు వచ్చే తోటలో సగటు నిలవ తొమ్మిది టన్నులకు మించదు. ఎకరం అడవిలో అలాంటి మద్దిమానులు పదమూడు ఉంటే చాలు, ఆ తొమ్మిది టన్నులు అక్కడే ఉన్నట్టు. మిగతా చెట్లన్నీ అదనం.

కోసిన కర్బనం ఏమైంది? ఎక్కువ భాగం కాగితమయింది. మీరు నిరుడు రాసిన నోటుపుస్తకం ఇప్పుడెక్కడుందో చెప్పండి చూద్దాం!

అయితే తోటను దొంగను చేయడం నాకిష్టం లేదు. నరికి నరికి పొదలే మిగిలిన గుట్టమీద పదమూడు మద్దిమానులు ఎక్కడ దొరుకుతాయి? అక్కడ ఈ లెక్కలో తోటే గెలవవచ్చు. నరకకుండా ఉంచిన తోట సంగతి కూడా వేరు. కేరళలోని నీలంబూరులో 1840లలో నాటించిన టేకు చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అసలు తేడా ఎవరు నాటారన్నదానికన్నా ఎంతకాలం నిలిచిందన్న దానిలోనే ఎక్కువ.

నేలను మరచిపోకూడదు. అడవిలో రాలిన ఆకులు కుళ్లి మట్టిలో కర్బనంగా చేరతాయి. కొత్త తోట కోసం ట్రాక్టరుతో లోతుగా దున్నితే ఆ మట్టికి గాలి తగిలి, సూక్ష్మజీవులు చురుకై, దాచినది బయటపడుతుంది.

2011లో మొదలైన బాన్ ఛాలెంజ్ కింద 2030 నాటికి 35 కోట్ల హెక్టార్లలో అడవులను పునరుద్ధరించాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2019లో సైమన్ లూయిస్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో దీని లెక్క కట్టారు. ఆ నేలంతా సహజమైన అడవిగా పెరగనిస్తే 2100 నాటికి 4,200 కోట్ల టన్నుల కర్బనం నిలవ ఉంటుందట. అంతా కోతల తోటలైతే 100 కోట్ల టన్నులే! కాని దేశాలు అప్పటికి ఇచ్చిన మాటల్లో దాదాపు సగం నేల తోటలకే పోయింది.

మీరూ ఒక చెట్టును కొలవండి. నేలనుంచి 137 సెంటీమీటర్ల ఎత్తున మానుకు టేపు చుట్టండి. వచ్చిన సంఖ్యను దానితోనే గుణించి, 12.57తో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. ఎత్తుకు చెట్టెక్కనక్కరలేదు. ఎండలో మీటరు కర్ర నిలబెట్టి, దాని నీడనూ చెట్టు నీడనూ ఒకేసారి కొలిస్తే సరి. కొలతలు తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడు అదే చెట్టును, అదే ఎత్తున మళ్లీ కొలవాలి.