అయస్కాంతం ఆపి చూశారా?

ఫ్రీజర్‌లోంచి తీసిన చేపముక్కను పళ్లెంలో పెట్టి కాసేపు వదిలేస్తే దాని చుట్టూ లేత గులాబీరంగు నీళ్లు చేరతాయి. మంచు కరిగిందని అనుకుంటాం. కానీ అందులో ఎక్కువ భాగం చేప కండలో ఉండాల్సిన రసమే. మాంసకృత్తులు, లవణాలు, రుచి కొంత దాంతోపాటే పోతాయి. అలాంటి ముక్క వండాక పీచుపీచుగా, చప్పగా ఉండటానికి కారణం అదే.

నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అయితే అంతకుమించిన నష్టం మంచు స్ఫటికాల సైజు వల్ల వస్తుంది. మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ మధ్యలోనే మంచు ఎక్కువగా ఏర్పడుతుంది. సరుకు ఆ దశను నిదానంగా దాటితే కొన్ని స్ఫటికాలే పెరిగి పెద్దవై, కణాల్లోంచి నీళ్లు లాగేసి, పొరల్ని చీలుస్తాయి. త్వరగా దాటితే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు పుడతాయి. కణాలకు అంత దెబ్బ తగలదు.

ఈ కిటుకును పరిశ్రమగా మార్చినవాడు అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1912-15 మధ్య, ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు ఆ చలిగాలికి చూస్తుండగానే బిగుసుకుపోవడం, చాలాకాలం తర్వాత వండినా తాజా రుచి ఉండటం గమనించాడు. 1920ల్లో ఆహార పొట్లాలను చల్లటి లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ సరుకు అమ్మకానికి వచ్చింది. అప్పట్నుంచి శీతల పరిశ్రమ వేగాన్నే నమ్ముకుంది.

ఆ వేగానికి ఒక హద్దుంది. పెద్ద ట్యూనా చేపను ఎంత చల్లటి గాలిలో పెట్టినా పైచర్మం ముందు రాయిలా అవుతుంది. లోపలి వేడి మాంసం గుండా బయటికి రావాలి కాబట్టి నడిమి భాగానికి గంటలు పడుతుంది. ఆ నడిమి భాగంలోనే పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి. ఈ చిక్కుకు అయస్కాంతంతో పరిష్కారం వెతికినవాడు జపాన్‌కు చెందిన నోరియో ఒవాడా. చిబా ప్రాంతంలో ఏబీఐ అనే కంపెనీ ఆయనది.

ఒవాడా ఆలోచనలో అందం ఉంది. నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలన్న నియమమేమీ లేదు. మంచు మొదలవడానికి ఒక ఆధారం కావాలి: దుమ్ముకణమో, గరుకు ఉపరితలమో. అవేవీ లేని శుద్ధమైన నీటిబొట్టు మైనస్ 30 డిగ్రీల కిందికి వెళ్లినా ద్రవంగానే ఉండగలదు. దీన్నే సూపర్‌కూలింగ్ అంటారు. మరి చేప మొత్తాన్నీ గడ్డకట్టనివ్వకుండా లోపలిదాకా చల్లబరిచి, ఆ తర్వాత ఒక్కసారిగా గడ్డకట్టిస్తే? అప్పుడు పైభాగం, నడిమి భాగం అన్న తేడా ఉండదు. అందుకోసం ఆయన ఫ్రీజర్ గదిలో తీగచుట్టలు అమర్చి, దిశ మార్చుకుంటూ ఉండే బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించాడు. అది నీటి అణువులను కదుపుతూ ఉంటుందని, అందువల్ల అవి మంచుగా పేరుకోలేవని ఆయన వాదన. 2001లో అమెరికా పేటెంట్ వచ్చింది. యంత్రానికి సెల్స్ ఎలైవ్ సిస్టమ్, పొట్టిగా క్యాస్, అని పేరు పెట్టారు.

క్యాస్‌కు పేరు తెచ్చిన చోట్లలో జపాన్ సముద్రంలోని ఓకి దీవుల్లో ఉన్న అమా ఒకటి. జనాభా రెండు వేల పైచిలుకు. అప్పట్లో పట్టణం అప్పుల్లో మునిగి ఉండేది. మేయర్ మిచియో యమౌచి తన జీతం తానే కోసుకుని, 2005లో ఊరి డబ్బుతో క్యాస్ కేంద్రం పెట్టించాడు. అంతకుముందు అక్కడి స్క్విడ్లు, రాతి ఆల్చిప్పలు ఓడెక్కి ప్రధాన భూభాగం మార్కెట్ చేరేసరికి తాజాదనం పోయి ధర పడిపోయేది. కేంద్రం వచ్చాక పట్టిన సరుకును దీవిలోనే గడ్డకట్టించి నేరుగా నగరాలకు అమ్ముకోగలిగారు. హిరోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, పీకిన పళ్లను తర్వాత మళ్లీ అమర్చేందుకు ఇలాంటి అయస్కాంత ఫ్రీజర్‌లో భద్రపరిచారు.

కథ ఇక్కడితో ఆగితే విజయగాథ అయ్యేది. భౌతికశాస్త్రం దగ్గర అది చిక్కుపడింది.

నీటి మీద అయస్కాంతం ప్రభావం ఉన్నమాట నిజమే. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో ఆంద్రే గైమ్ బృందం బతికున్న కప్పను గాలిలో తేలించింది. కప్ప ఒంట్లోని నీరు అయస్కాంతానికి వికర్షణ చెందడమే కారణం. అందుకు కావలసివచ్చిన క్షేత్రం సుమారు 16 టెస్లాలు. క్యాస్ తరహా ఫ్రీజర్లలో ఉండేది అర మిల్లీటెస్లా మొదలు రెండు మూడు మిల్లీటెస్లాల లోపు. అర మిల్లీటెస్లా అంటే కప్ప ప్రయోగంలో వాడినదాంట్లో ముప్పై రెండు వేలో వంతు. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతం దగ్గర కూడా ఇంతకన్నా బలమైన క్షేత్రం ఉంటుంది. ఇంత బలహీనమైన క్షేత్రానికి నీటిని నేరుగా ప్రభావితం చేసే శక్తి ఎక్కడిదని 2012లో క్రయోబయాలజీ పత్రికలో శాస్త్రవేత్త బ్రయన్ వావ్క్ ప్రశ్నించాడు.

  

ఫ్రీజర్ సంగతి తేల్చడానికి కావలసిన ప్రయోగం సులువైనదే: అదే గది, అదే గాలి, అదే ఉష్ణోగ్రత. ఒకసారి తీగచుట్టల్లో కరెంటు ఉంచాలి, ఒకసారి తీసేయాలి. టోక్యోలోని సముద్ర శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో తోరు సుజుకి బృందం 2009లో ముల్లంగి, చిలగడదుంపలతో ఈ పని చేసింది. అర మిల్లీటెస్లా దగ్గర తేడా కనిపించలేదు. మాడ్రిడ్‌లో లారా ఒటెరో, ఆమె సహచరులు మార్కెట్లో అమ్మే క్యాస్ ఫ్రీజర్‌నే తీసుకుని క్రాబ్ స్టిక్స్‌తో పరీక్షించారు. అయస్కాంతం ఉన్నా లేకున్నా నాణ్యత ఒక్కటే.

నాకు బాగా నచ్చింది బ్రిటన్‌లో జేమ్స్ బృందం వెల్లుల్లితో చేసిన పని. వెల్లుల్లి రెబ్బ ఘనీభవన స్థానం మైనస్ 2.7 డిగ్రీలు. రెబ్బలో ఉష్ణోగ్రత కొలిచే సన్నటి తీగ గుచ్చి చల్లబరిస్తే రీడింగ్ ఆ గీత దాటి దిగుతూనే పోతుంది, మంచు జాడే ఉండదు. మైనస్ 7.7కీ మైనస్ 14.6కీ మధ్య ఎక్కడో ఒకచోట హఠాత్తుగా పైకి ఎగబాకుతుంది. మంచు పుట్టిన క్షణమది. గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడే ఆ ఎగబాకుడుకు కారణం. ఇదంతా ఏ అయస్కాంతమూ లేకుండానే జరిగింది. 2015లో అయస్కాంతం పెట్టి చూస్తే అది అదనంగా చేసిందేమీ లేదనిపించింది. వెల్లుల్లిని అయస్కాంత ఫ్రీజర్‌లో మాత్రమే చూసినవాళ్లు అయస్కాంతం మహిమేనని నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ కిర్ష్‌వింక్, ఆయన సహచరి అత్సుకో కొబయాషిల బృందం నీటిని వదిలేసి, జీవకణజాలంలో అతి స్వల్పంగా ఉండే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం వైపు చూసింది. దాని సూక్ష్మ రేణువుల మీద మంచు తేలిగ్గా మొదలవుతుంది. తిరిగే అయస్కాంత క్షేత్రం ఆ రేణువులను కదిపితే మంచుకు పట్టు దొరకదు. 2018లో వీళ్లు ఒక మిల్లీటెస్లా, సెకనుకు 10 చుట్లు తిరిగే క్షేత్రంతో మాగ్నటైట్ కలిపిన నీటిలోనూ, సెలరీలోనూ, గొడ్డుమాంసంలోనూ సూపర్‌కూలింగ్ పెరిగిందని ప్రచురించారు. ఇది నిలబడితే ఒవాడా అయస్కాంతం పనిచేయవచ్చు, కానీ ఆయన చెప్పిన కారణం వల్ల కాదు. అప్పుడు కూడా ఒక్కో సరుకులో ఎంత మాగ్నటైట్ ఉందో చూసి క్షేత్రాన్ని సరిచేసుకోవాలి.

మరి అమా దీవిలో జరిగింది అబద్ధమా? కానే కాదు. పట్టిన సరుకును అక్కడికక్కడే, మంచి ఫ్రీజర్‌లో, వేగంగా గడ్డకట్టించడమే పెద్ద మేలు. ఆ ఘనత ఎంతవరకు తీగచుట్టలది, ఎంతవరకు చల్లటి గాలిదన్నది విడదీసి చూడాలి. ఏ ప్రభావమూ కనిపించలేదని ధైర్యంగా ప్రచురించిన సుజుకి, జేమ్స్, ఒటెరో బృందాల శ్రమను నేను యంత్రం కనిపెట్టిన శ్రమతో సమానంగా గౌరవిస్తాను.

భీమవరం, కాకినాడ, విశాఖ ప్రాంతాల్లో రొయ్యల ప్లాంట్లు నడిపేవారికి ఒక్క మాట. అయస్కాంత ఫ్రీజర్ అమ్మడానికి ఎవరైనా వస్తే రుచి చూపించే నమూనాలతో సరిపెట్టుకోకండి. ఒకే చెరువు రొయ్యలను అదే యంత్రంలో, అయస్కాంతం వేసి ఒకసారి, ఆపి ఒకసారి గడ్డకట్టించమనండి. కరిగించాక రెండింటినీ తూకం వేయించండి. ఏ ప్లేటులో ఏది ఉందో తెలియనివారితో రుచి చూపించండి. తేడా లేకపోతే ఆ డబ్బు చెరువుగట్టు నుంచి ప్లాంటు దాకా సరుకును చల్లగా, త్వరగా చేర్చడానికి ఖర్చుపెట్టండి.