చెట్టు ఆడదా, మగదా?

తల్లాడనుండి కొత్తగూడెమునకు పోవు దారిలో ఏన్కూరు దాటిన పిమ్మట తగులు జూలూరుపాడు చూపునకు సామాన్యమైన మండలకేంద్రమే గాని, ఆ ప్రాంతపు ఉన్నతపాఠశాలలో తొమ్మిదవ తరగతి యెదుట నిలిచి తెలుగు చెప్పవలసిన పండితునికి మాత్రము అది మూడు భాషల కూడలి. ముందుబల్లమీది బాలిక తండాలో లంబాడీ మాటాడి వచ్చును. వెనుకబల్లమీది బాలుడు గూడెములో కోయ మాటాడి వచ్చును. ఇంటను బడిలోను తెలుగే వినువారు తక్కినవారు.

నేను పండితుడనై చేరిన తొలియేట, 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ననుసరించి మహత్తు, మహతి, క్లీబము అను లింగవిభాగమును వివరించుచుండగా, తండాబాలిక యొకతె లేచి, “చెట్టు ఆడదా, మగదా సార్?” అని యడిగెను. తరగతి గొల్లుమనెను, నేనును నవ్వితిని. ఆ నవ్వునకు నేటికిని సిగ్గుపడుదును. ఏలయనగా రాజస్థానీ కుటుంబమునకు చెందిన లంబాడీలో, హిందీలో వలెనే, ప్రాణము లేని వస్తువునకు సైతము ఆడ మగ భేదము కలదు. క్రియ దాని ననుసరించి మారును. మన తెలుగులోనో, ఆమె వచ్చినది, ఆవు వచ్చినది, వాన వచ్చినది! స్త్రీకిని పశువునకును జడమునకును ఏకవచనమున క్రియారూప మొక్కటే యగుట ఆ పిల్లకు వింతగా తోచుట సహజము. కోయ ద్రావిడభాష యగుటచే వెనుకబల్ల బాలునికి ఇందులో వింత యేమియు లేదు. ఆమె ప్రశ్న అజ్ఞానము కాదు, వ్యాకరణము.

మరునాడు నల్లబల్లపై మూడు గడులు గీసితిని. నీటిని లంబాడీ పిల్లలు ‘పాణి’ యనిరి, కోయ పిల్లలు ‘ఏరు’ అనిరి. మనకు ఏరనగా పారు వాగు గదా యని తెలుగు పిల్లలు ఆశ్చర్యపడిరి. ‘పాణి’ ప్రక్కన ‘పానీయము’ అని, ‘హాత్’ ప్రక్కన ‘హస్తము’ అని, ‘దాంత్’ ప్రక్కన ‘దంతము’ అని వ్రాయుసరికి, పద్యభాగములోని తత్సమములకు భయపడుచుండిన తండాపిల్లలు, అవి తమ ఇంటిమాటలకు పెద్దలని గ్రహించి నిటారుగా కూర్చుండిరి. చెవికి కోయమాట కకారముతో మొదలగును. కన్నడమున అది ‘కివి’. ఆ కకారమే తెలుగున చకారమైనదని చెప్పుటతో తాలవ్యీకరణమను బరువైన మాట పిల్లలకు ఆటయైపోయెను.

ఇది నేను కనిపెట్టిన మార్గము కాదు. పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడై చేరిన గిడుగు రామమూర్తి పంతులు చరిత్ర చెప్పువాడయ్యును, సవరభాష తెలిసిన వ్యక్తిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చి, సవరబాలురకు పాఠములు వ్రాసి, స్వంతధనముతో బడులు నడిపెను. 1931లో సవరవ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. వ్యావహారికోద్యమ సారథిని గ్రాంథికమున కీర్తించుచున్నా డేమని పాఠకులు నవ్వవచ్చును, నవ్వుడు! ఆయన పోరినది ఎరుగని మాటలను పిల్లల నోట బలవంతముగా కుక్కుట మీదనే యని నా తలంపు. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున కోయ, బంజారా మొదలుగా ఎనిమిది భాషలలో మాతృభాషా పాఠములు వచ్చినను అవి చిన్నతరగతులకే. ఉన్నతపాఠశాలకు వచ్చుసరికి పిల్లకు మిగులునది పండితుని దయయే.

వ్యాసరచనకు ‘నా ఆశయము’ వంటి విషయము లిచ్చుట మానితిని. గంపలో గోధుమమొలకలు పెంచు తొమ్మిదినాళ్ల తీజ్, కోయల కొత్తల పండుగ, వేసవిలో తునికాకు సేకరణ, బడి తప్పించు పత్తితీత, ఇవి యిచ్చితిని. తొలివ్రాతలో వారి నుడికారమును దిద్దను. మలివ్రాతలో మాత్రము పదవ తరగతి పరీక్ష కోరు ప్రమాణభాషలోనికి వారిచేతనే మార్పింతును. ఈ రెండవ పని మెల్లగా సాగును, విసుగు పుట్టించును; గైడు పుస్తకము చూచి యెత్తివ్రాయుట దీనికంటె సులభము.

కావున ఈ సీమకు బదిలీపై రానున్న భాషాపండితులకు నా మనవి: తొలిమాసమున మీ పిల్లల నడిగి కోయలో ఇరువది, లంబాడీలో ఇరువది మాటలు నేర్చుకొనుడు, తప్పు పలికినప్పుడు వారిచేత దిద్దించుకొనుడు.