ఒకసారి పాస్... మరోసారి ఫెయిల్!

కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. అయినా పొద్దున పాసైన పరీక్ష మధ్యాహ్నానికి ఫెయిలవుతుంది. సాయంత్రం మళ్లీ పాస్! సాఫ్ట్‌వేర్ నిపుణులతో ఇలా దోబూచులాడే తప్పుల్ని పట్టుకోవడం వెనక పెద్ద కథే ఉంది.

ఇంట్లో మొరాయించిన మిక్సీ రిపేరు షాపుకి వెళ్లగానే బుద్ధిగా తిరుగుతుంది. 'బాగానే ఉందండీ' అంటాడు మెకానిక్. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే మళ్లీ మామూలే! పూర్తిగా పాడైనదాన్ని బాగుచేయడం తేలిక. అప్పుడప్పుడూ పాడయ్యేదాంతోనే చిక్కంతా. సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఇలాంటి తలనొప్పి ఒకటుంది. దాని పేరు 'ఫ్లేకీ టెస్ట్'. కంటెయినర్ల టూల్స్ తయారుచేసేవారికి ఇది మరీ ఎక్కువ.

పెట్టెలో ప్రోగ్రాము

ఓడరేవుల్లో కంటెయినర్లు చూసే ఉంటారు. లోపల బియ్యమున్నా బొమ్మలున్నా పెట్టె కొలత ఒకటే కాబట్టి ఏ ఓడైనా ఏ లారీ అయినా మోసేస్తుంది. సాఫ్ట్‌వేర్ కంటెయినరూ అంతే. ప్రోగ్రామునీ దానికి కావాల్సిన సరంజామానీ ఒకే పెట్టెలో సర్దేస్తే ల్యాప్‌టాప్‌లోనైనా సర్వర్‌లోనైనా ఒకేలా నడుస్తుంది. ఒక పెట్టె జోలికి మరొకటి రాకుండా లినక్స్‌లోని 'నేమ్‌స్పేసెస్' గోడలు కడితే, 'సీగ్రూప్స్' మెమరీనీ ప్రాసెసర్‌నీ వాటాలు వేస్తుంది. డాట్‌క్లౌడ్ సంస్థకు చెందిన సాలొమన్ హైక్స్ బృందం 2013 మార్చిలో 'డాకర్'ని విడుదల చేశాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. వారానికి 200 కోట్లకు పైగా కంటెయినర్లను నడుపుతున్నామని 2014లోనే గూగుల్ చెప్పింది.

డాకర్ మూల కోడ్, రెడ్‌హ్యాట్ నిపుణులు మొదలుపెట్టిన పాడ్‌మన్... రెండూ ఓపెన్ సోర్సే. కోడ్‌ని ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. అయితే వచ్చిన ప్రతి మార్పునీ కళ్లకద్దుకుని తీసుకోరు. పెట్టె తెరుచుకుందా, ఆపమంటే ఆగిందా, తీసేశాక చెత్త ఏమైనా మిగిలిందా అంటూ కంప్యూటరే బోలెడన్ని పరీక్షలు పెడుతుంది. అన్నీ పాసైతేనే లోపలికి ప్రవేశం.

అంత జాగ్రత్త ఎందుకంటే... డాకర్ లాంటివి లోలోపల వాడే 'రన్‌సీ' అనే టూల్‌లో 2019 ఫిబ్రవరిలో ఒక లోపం బయటపడింది. పెట్టెలోని దొంగ ప్రోగ్రాము గోడదూకి మొత్తం కంప్యూటర్ మీదే పెత్తనం చేయగల లోపమది!

నాన్నా పులి!

పరీక్షే అబద్ధమాడితే? తమ పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉందని 2016లో గూగుల్ లెక్క చెప్పింది. పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం వీటి ప్రమేయం ఉన్నవే. దాంతో ఏం జరుగుతుంది? ఎర్ర గుర్తు కనిపించగానే 'ఆ టెస్టు ఎప్పుడూ అంతేలే' అనుకుని మళ్లీ నడుపుతారు. పాసైతే సరే. నాన్నా పులి కథలోలాగా నిజంగా పులి వచ్చిన రోజున కూడా ఎవరూ పట్టించుకోరు.

విజిల్ వచ్చేదాకా...

ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అపాచీ సంస్థకు చెందిన 51 ప్రాజెక్టుల్లోని ఇలాంటి దిద్దుబాట్లను పరిశీలించారు. కారణం తేలినవాటిలో 45 శాతం... సరిగా వేచి చూడకపోవడం వల్ల వచ్చినవే. కంటెయినర్ రెండు సెకన్లలో సిద్ధమవుతుందని టెస్టు రాసినవారు అనుకుంటారు. కంప్యూటర్ మీద పని ఎక్కువై మూడు సెకన్లు పడితే ఫెయిల్! రెండుని పదికి మార్చడం తాత్కాలిక వైద్యమే. గడియారం చూసి కుక్కర్ దించకుండా విజిల్ వచ్చేదాకా ఆగినట్టు, 'సిద్ధం' అన్న సంకేతం కోసం ఆగేలా రాయడమే అసలు మందు.

రెండు టెస్టులు ఒకే పోర్టు నంబరు కోసం పోటీపడటం మరో కారణం. ఖాళీగా ఉన్న నంబరుని సిస్టమ్‌నే ఇవ్వమంటే గొడవ తీరుతుంది. ఒక్కోసారి తప్పు బయట ఉంటుంది. 2020 నవంబరులో డాకర్ హబ్, ఖాతా లేనివారికి ఆరు గంటల్లో 100 డౌన్‌లోడ్ల పరిమితి పెట్టింది. దానికి తగ్గట్టు సర్దుకోని టెస్టులు ఏ పాపం ఎరుగకుండానే ఫెయిలయ్యే పరిస్థితి వచ్చింది.

ఒక్కోసారి మాత్రం టెస్టు చెప్పేదే నిజం, తప్పు టూల్‌దే. డాకర్ తొలి సంవత్సరాల్లో కంటెయినర్‌ని తొలగించబోతే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటూ అప్పుడప్పుడూ మొండికేసేది. దాని ఫైళ్లను మరో ప్రోగ్రాము తన గోడల లోపల ఇంకా పట్టుకుని ఉండటమే అందుకు కారణం. అందుకే ఫ్లేకీ టెస్టుని తీసేసి చేతులు దులుపుకోవడం ప్రమాదం.

వెయ్యిసార్లు నడిపితే...

పట్టుకోవడమూ తేలిక కాదు. సంగతేంటో చూద్దామని కోడ్‌లో అదనంగా ఒక లైను రాస్తే వేగం మారి తప్పు మాయమైపోతుంది. ఇలా చూడబోతే దాక్కునే తప్పుల్నే 1985లో జిమ్ గ్రే 'హైసెన్‌బగ్' అన్నాడు. అందుకే ఒకే టెస్టుని వెయ్యిసార్లు నడుపుతారు. కంప్యూటర్‌కి కావాలనే పని పెంచుతారు. టెస్టుల వరుస కలిపేస్తారు. డాకర్, పాడ్‌మన్‌లను రాసిన గో భాషలో 'రేస్ డిటెక్టర్' కూడా ఉంది. రెండు పనులు ఒకే సమాచారం మీద ఒకేసారి చేయి వేస్తే అది పట్టిస్తుంది.

ఇంతా చేస్తే, రోజుల తరబడి వెతికాక మారేది రెండు మూడు లైన్లే కావచ్చు. వాడేవాళ్లకు కొత్తగా ఏ సదుపాయమూ కనిపించదు. కానీ ఆ తర్వాత ఎర్ర గుర్తు పడితే ప్రోగ్రామర్లు దాన్ని నమ్ముతారు, ఆగి చూస్తారు. ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా ఈ పనిలో చేరవచ్చు. కొత్తవారి కోసం చాలా ప్రాజెక్టులు చిన్న చిన్న తప్పుల్ని 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' పేరుతో విడిగా ఉంచుతాయి. కావాల్సింది కొంచెం కోడింగ్, బోలెడంత ఓపిక!