గవిని దగ్గర గౌరవం

పెళ్లి చేయించిన ప్రతిసారీ మేము ఒక రిజిస్టరు నింపుతాం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం చెప్పినట్టు అందులో వధూవరుల పేర్లు, వయసు, నివాసం, తండ్రి పేరుతో పాటు ‘వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. వరుని గడిలో రైతు, డ్రైవరు, టీచరు అని రాస్తాం. వధువు గడి దగ్గరికి వచ్చేసరికి, “ఏమీ లేదయ్యగారూ, ఇంటి దగ్గరే ఉంటుంది” అంటారు పెద్దలు. ఏళ్ల తరబడి మేమూ ఆ గడిలో చిన్న గీత గీసి ఊరుకున్నాం.

ఒకసారి అలా గీత గీస్తుంటే పెళ్లికూతురి తల్లి మెల్లగా అంది: “అయ్యగారూ, ఈ పెళ్లి చీర పిల్ల లేసు అల్లిన డబ్బులతోనే కొన్నామండి.” ఆ మాటకు మా కలం ఆగింది. పదేళ్లుగా ఆ అమ్మాయి వేళ్లు కదులుతూనే ఉన్నాయి. ఆ పనికి మా పుస్తకంలో పేరే లేదు.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లికలు ఎవరికీ కొత్త కాదు. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ పనిని మొదట పేద దళిత క్రైస్తవ స్త్రీలకు నేర్పారు. అక్కడి నుంచి అది ఇతర కులాల ఇళ్లకూ పాకింది. సంఘం ద్వారా వచ్చిన మేలు ఇది, కాదనలేం. అయితే ఆ మేలులో ఒక లోటు కూడా ఉంది. పని స్త్రీల చేతుల్లో, వ్యాపారం పురుషుల చేతుల్లో ఉండిపోయింది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్తాడు, ముక్క లెక్కన కూలి ఇస్తాడు. అది ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోయిందో అల్లిన చేతికి తెలియదు.

జర్మనీ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీ కాక ఈ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారని ఆమె గమనించారు. అయినా వారిని పనివారుగా ఎవరూ లెక్కించలేదు. వారు ‘గృహిణులు’, వారిది ‘తీరిక పని’. తీరిక పనికి కూలి తక్కువైనా అడిగేవారుండరు కదా!

పరిశుద్ధ గ్రంథం అలా చూడదు. సామెతలు 31:10లో మన తెలుగు బైబిలు ‘గుణవతి’ అన్నచోట హెబ్రీలో ‘హయిల్’ అనే మాట ఉంది. బలం, పరాక్రమం అని దాని అర్థం. దేవదూత గిద్యోనును పలకరించినప్పుడు ఉన్నది ఈ మాటే (న్యాయాధిపతులు 6:12). పొలంలో పరిగె ఏరుకుని అత్తను పోషించిన రూతును బోయజు మెచ్చుకున్నదీ ఈ మాటతోనే (రూతు 3:11). సామెతల గ్రంథంలోని ఆ స్త్రీ నారబట్టలు నేసి తానే అమ్ముతుంది. తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. చివరి వచనం ఆమె చేతుల ఫలాన్ని ఆమెకే ఇవ్వమంటుంది, గవిని దగ్గర ఆమె పనులే ఆమెకు మెప్పు తేవాలంటుంది. గవిని అంటే ఊరి ద్వారం. పెద్దలు కూర్చుని తగవులు తీర్చేది, కొనుగోళ్లకు సాక్ష్యం పలికేది అక్కడే. కాబట్టి ఇది మదర్స్ డే నాడు చెప్పే పొగడ్త కాదు. అందరి ముందు లెక్క తేల్చమనే ఆజ్ఞ.

మన డెల్టాలో ఆ లెక్క ఇప్పుడు మరింత అవసరం. వరిచేలు రొయ్యల చెరువులైన చోట నాట్లు, కోతల కూలి తగ్గింది. కొందరు అక్కచెల్లెళ్లు రొయ్యలు ఒలిచే షెడ్లకు వెళ్తున్నారు. కొందరు పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్తున్నారు. చదువుకున్న ఆడపిల్లలు నర్సులుగా, టీచర్లుగా స్థిరపడుతున్నారు. యంత్రాలపై తయారైన చౌక లేసు వచ్చాక చేతి అల్లికకు గిరాకీ పడిపోయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కడం సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరుకే ఆగిపోకూడదు, అల్లిన చేతి దాకా రావాలి.

సంఘాలు ఏం చేయగలవు? స్త్రీల సమాజం కూడికలో ప్రార్థనతో పాటు ఒక అరగంట కూలి లెక్కలు మాట్లాడుకోవచ్చు. ఏజెంటు ఎంత ఇస్తున్నాడు? బజారులో దాని ధర ఎంత? పదిమంది కలిసి అడిగితే ఆ ప్రశ్నకు బలం వస్తుంది. గల్ఫ్ వెళ్లే సహోదరి చేతిలో ఒప్పంద పత్రం ఉందా, ఆమె పంపే డబ్బు ఆమె పేరున ఉన్న ఖాతాలో పడుతోందా అని పెద్దలు విచారించాలి. బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు హెచ్చరించాడు (5:4). ఆ కూలి బిగబట్టింది యజమానా, భర్తా అని దేవుడు తేడా చూడడు.

ఆ రోజు మేము పెళ్లికూతురినే అడిగాం: “నీ పని ఏమని రాయమంటావమ్మా?” ఆమె తల వంచుకునే, “లేసు అల్లికండి” అంది. గీసిన గీతను కొట్టివేసి, పక్కన సంతకం చేసి, ఆ రెండు మాటలూ రాశాం. అప్పటి నుంచి ఏ వధువు గడీ అడగకుండా నింపలేదు. మీ ఇంట్లో, మీ సంఘంలో ఇంకా ఎవరి గడిలో గీత ఉందో ఈ ఆదివారం ఒకసారి చూడండి.