ముసలి యంత్రమునకు వైద్యము

కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో నీటిని చిలికి గాలిని కలుపు చక్రములను మనలో చాలమంది చూచియుందురు. ఆ చక్రపు ఇరుసు అరిగినను, తాడేపల్లిగూడెములో ఒక ధాన్యపు మిల్లు షాఫ్టు విరిగినను, క్రొత్తది చేయించుటకు లేతు పనివాని యొద్దకే పోవలెను. నేటి లేతులలో కొన్నింటిని మనిషి చేయి త్రిప్పదు. కంట్రోలరు అను ఎలక్ట్రానిక్ మెదడు త్రిప్పును. లేతు ఇనుప శరీరము దశాబ్దముల తరబడి నిలుచును. కంట్రోలరు అంతకు ముందే ముసలిదగును. అది మొరాయించినచో లక్షల రూపాయల యంత్రము పడియుండును. దానిని నమ్ముకొన్న మిల్లును, చెరువును కూడ ఎదురుచూడవలసివచ్చును. ఇట్టి కంట్రోలరులో దోషమును ఎట్లు కనుగొందురో చూతము.

కంట్రోలరు చేయు పని

అంకెలతో యంత్రమును నడుపు పద్ధతి అమెరికాలో జాన్ పార్సన్స్ ఆలోచనతో మొదలైనది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు చిల్లులు పొడిచిన పట్టీనుండి ఆజ్ఞలను చదువుకొని పనిచేయు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. తరువాతి కాలమున ఆ పట్టీ స్థానమును కంప్యూటరు జ్ఞాపకశక్తి ఆక్రమించినది.

కంట్రోలరు "ఇంత దూరము జరుగుము" అని మోటారును ఆజ్ఞాపించును. మోటారు వెనుకనున్న ఎన్‌కోడరు "ఇంత జరిగితిని" అని తిరిగి తెలుపును. ఒక లేతులో మరస్క్రూ ఒక చుట్టు తిరిగిన పనిముట్టు 10 మిల్లీమీటర్లు జరుగుననుకొందము. ఎన్‌కోడరు చుట్టునకు 2,500 స్పందనములు ఇచ్చి, ఒక్కొక్కదానిని కంట్రోలరు నాలుగు మెట్లుగా లెక్కించినచో, చుట్టునకు 10,000 మెట్లు వచ్చును. అనగా ఒక్కొక్క మెట్టు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆజ్ఞకును నివేదికకును మధ్య తేడా హద్దు మీరినచో కంట్రోలరు యంత్రమును ఆపి, తెరపై ఒక హెచ్చరిక సంఖ్యను చూపును. ఆ సంఖ్య నొప్పి ఎక్కడ తోచినదో చెప్పును. రోగమేదో మనమే తెలిసికొనవలెను.

ఒక ఉదాహరణము

ఏలూరులో ఒక కార్ఖానాలో ఇరువది అయిదేండ్ల లేతు ఉన్నదని ఊహింతము. ఉదయము స్విచ్చి వేయగానే తెర వెలిగి ఆరిపోవును. మరల వెలుగును, మరల ఆరును. స్విచ్చి తీయకుండ ఉంచినచో గంట తరువాత తెర నిలకడగా వెలిగి, యంత్రము సాయంకాలము వరకు చక్కగా పనిచేయును.

"కొల్లేటి చెమ్మండీ, అంతే" అనును యజమాని. "బోర్డు పోయిందండీ, మార్చెయ్యాల్సిందే" అనును పనివాడు. బోర్డు మార్చుట వేలతో కూడిన పని. పాత బోర్డులు దొరకుటయు కష్టమే. ఎవరి మాట నిజము?

యజమాని మాట త్రోసిపుచ్చదగినది కాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరులో బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. ఇంత నీరున్న చోట గాలిలో తేమ హెచ్చుగా ఉండును. చల్లని నీళ్లు పోసిన గ్లాసు పైభాగము చెమర్చినట్లే, చల్లబడియున్న బోర్డులపై వెచ్చని తడిగాలి సోకినచో నీటి పొర పట్టును. వేసవిలో కంట్రోలరు పెట్టె తలుపు తీసి ఎదుట టేబులు ఫ్యాను పెట్టు అలవాటు చాల చోట్ల కలదు. దానితో నూనె ఆవిరియు, ఇనుప ధూళియు లోపలికి చేరును. ఆ మురికి తేమను పీల్చుకొని, విద్యుత్తునకు కాని దారి చూపును. గంటసేపు వెచ్చబడినపుడు ఆ తేమ ఆరిపోవును. కనుక యజమాని ఊహ లక్షణములకు సరిపోవుచున్నది.

అయితే మరియొక ఊహయు సరిపోవును. అది విద్యుత్తు సరఫరా భాగములోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ముసలిదగుట. 50 సైకిళ్ల విద్యుత్తును డయోడులు ఏకముఖము చేసినపుడు, వోల్టేజి సెకండునకు 100 మారులు లేచి పడును. పడిన సమయమున కెపాసిటరు తాను నిలువచేసిన ఆవేశమును ఇచ్చి లోటు పూడ్చును.

కెపాసిటరు 11 వోల్టులకు నిండును, 2 ఆంపియర్ల ప్రవాహము కావలెను అనుకొందము. సెకండులో నూరవ వంతు కాలములో 2 × 0.01 = 0.02 కూలుంబుల ఆవేశము ఖర్చగును. కెపాసిటరు 10,000 మైక్రోఫారడులు, అనగా 0.01 ఫారడు అయినచో వోల్టేజి 0.02 ÷ 0.01 = 2 వోల్టులు తగ్గి 9 వద్ద నిలుచును. లోపలి ద్రవము ఎండి సామర్థ్యము 4,000 మైక్రోఫారడులకు దిగజారినచో, 5 వోల్టులు తగ్గి 6కు పడిపోవును. 5 వోల్టులను స్థిరముగా ఇచ్చు పాతరకపు రెగ్యులేటరునకు సుమారు 8 వోల్టులైన అందవలెను. అది అందనందున మెదడునకు సెకండునకు నూరు మారులు శక్తి చాలకపోవును. ఎండిన కెపాసిటరునకు అంతర్నిరోధము కూడ పెరుగును. వెచ్చబడినపుడు ఆ నిరోధము తగ్గును గనుక, గంట తరువాత యంత్రము తేరుకొనును.

రెండు ఊహలును ఒకే లక్షణమును వివరించునపుడు వాదనతో లాభము లేదు. రెండింటిని వేరుచేయు ప్రయోగము కావలెను. ఇక్కడ అది సులభము: ఉదయమే 5 వోల్టుల సరఫరాను కొలువవలెను. పాత తర్కవలయములకు 4.75 నుండి 5.25 వరకు ఉండవలెను. 4.5 మాత్రమే ఉండి, గంట తరువాత 5 వచ్చినచో అనుమానము సరఫరాపైకి మరలును. బోర్డులను విడదీసి, సరఫరాకు తగిన నిరోధమును తగిలించి మరల కొలిచినను 4.5 వచ్చెనా, బోర్డులు నిర్దోషులు. మీటరు సగటునే చూపును గనుక, ఎగుడుదిగుడులు చూచుటకు ఆసిలోస్కోపు మేలు.

అట్లు తేలినచో, అంతే సామర్థ్యము, అంతకు తక్కువకాని వోల్టేజి గల కెపాసిటరును ధన ఋణములు తప్పక అతికినచో చాలును. వేలు పోయవలసిన చోట వందలతో పని తీరును. దాని ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినచో ఆయువు సుమారు రెట్టింపగునని ఇంజనీర్ల లెక్క. ఫ్యాను జల్లెడను శుభ్రము చేసి, తలుపు మూసియుంచుటయే చౌకయైన వైద్యము.

జ్ఞాపకము జాగ్రత్త

పై పనికి పూనుకొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. స్క్రూ లోపములెంత, పనిముట్టు ఎంతవరకు జరుగవచ్చును, మొదటి స్థానమెక్కడ అను వివరములు చాల పాత కంట్రోలర్లలో ఒక చిన్న బ్యాటరీ ఆధారముతో నిలిచియుండును. స్విచ్చి తీసినపుడు ఆ జ్ఞాపకమును కాపాడునది అదియే. బ్యాటరీ నీరసించియుండగా స్విచ్చి తీసి పెట్టె విప్పినచో, అవన్నియు చెరిగిపోవును. అప్పుడు కెపాసిటరు మార్చినను, లేతు తన శరీరమునే ఎరుగని దగును.

కనుక వరుస ఇది: యంత్రము నిలకడగా నడుచు వేళ వివరములన్నిటిని వ్రాసికొని గాని ఫోటో తీసి గాని భద్రపరుపవలెను, కరెంటు ఉన్నపుడే బ్యాటరీని మార్చవలెను, అటుపిమ్మటనే స్విచ్చి తీయవలెను. తీసిన తరువాతను మోటారు డ్రైవులలోని పెద్ద కెపాసిటర్లలో వందల వోల్టులు కొన్ని నిమిషములు నిలిచియుండును. మీటరుతో చూచి, వోల్టేజి పోయినదని నిశ్చయించుకొననిదే చేయి పెట్టరాదు.

తరగతిలో

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో చూపవచ్చును. బాగుగా మూయబడిన 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, 100 మిల్లీఆంపియర్ల చిన్న బల్బు తీసికొనవలెను. 25 వోల్టులు తట్టుకొను 1,000 మైక్రోఫారడుల కెపాసిటరును బల్బునకు అడ్డముగా కలిపి వోల్టేజి కొలువవలెను. తరువాత దాని స్థానమున 100 మైక్రోఫారడులది పెట్టవలెను. మీటరు ముల్లు దిగుటను, బల్బు మందగించుటను పిల్లలు కన్నులార చూతురు. కారణమేమని అడిగినపుడు వెంటనే జవాబు చెప్పవద్దు. ప్రతి విద్యార్థిచేత ఒక ఊహను వ్రాయించి, దానిని పరీక్షించు కొలత ఏదో కూడ వ్రాయించవలెను. వారిలో కొందరు 2015లో తాడేపల్లిగూడెమున నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చేరవచ్చును, కొందరు ఏలూరు కార్ఖానాలలో చేరవచ్చును. ఎక్కడ చేరినను, విప్పుటకు ముందు కొలుచు అలవాటు వారికి అక్కరకు వచ్చును.