పాత చెవికి కొత్త మెటల్ డిటెక్టర్

సెప్టెంబరులో కోతలు పూర్తయ్యాక ఇంగ్లండ్ పల్లెల్లోని ఖాళీ పొలాల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చివర పళ్లెంలాంటి తీగచుట్ట ఉన్న పొడవాటి కర్రను నేలకు తగలకుండా అటూ ఇటూ ఊపుతూ ఒకరిద్దరు మెల్లగా నడుస్తుంటారు. మధ్యలో ఆగుతారు, వెనక్కి వస్తారు, అదే చోట మళ్లీ ఊపుతారు. అది మెటల్ డిటెక్టింగ్. భూమి యజమాని అనుమతి తీసుకుని, చట్టానికి లోబడి అక్కడ వేలాది మంది సాగించే అభిరుచి.

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి కొత్త డిటెక్టర్ కొన్నాడనుకుందాం. మొదటి రోజు ఏం చేస్తాడు? నేరుగా పొలానికి పరుగెత్తడు. పెరట్లో చెక్క బల్ల మీద పాత వెండి నాణెం, రాగి నాణెం, ఉంగరం, వంగిన మేకు, సీసా మూత, సిగరెట్ పెట్టెలోని రేకు వరసగా పెట్టుకుంటాడు. ఒక్కొక్కదాన్నీ తీగచుట్ట ముందు కదిలిస్తూ వింటాడు. నిన్నగాక మొన్న ఈ ఆట మొదలుపెట్టినవాడిలా పుస్తకంలో రాసుకుంటాడు.

ఇంత అనుభవం ఉన్నవాడికి ఈ ఓనమాలు ఎందుకు? ఎందుకంటే అతని అనుభవమంతా పాత యంత్రం భాషలో ఉంది. ఆ భాష ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే భౌతికశాస్త్రంలోకి కాస్త తొంగిచూడాలి.

లోహం ఇచ్చే జవాబు

తీగచుట్టలో దిశ మార్చుకుంటూ ప్రవహించే విద్యుత్తు తన చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నేలలోకి దిగి ఏదైనా లోహాన్ని తాకితే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ సుడులు తిరిగి తమదైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. పళ్లెంలోనే ఉన్న రెండో తీగచుట్ట దాన్ని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మొదటి చుట్ట అరుపు పక్కనే ఉండగా, నేలలోంచి వచ్చే గుసగుస రెండో చుట్టకు ఎలా వినిపిస్తుంది? రెండు చుట్టలనూ కచ్చితమైన మేరకు ఒకదానిపై ఒకటి పడేలా అమరిస్తే మొదటి దాని ప్రభావం రెండో దానిలో దాదాపు సున్నా అవుతుంది. బయటి నుంచి లోహం వచ్చి ఆ సమతుల్యతను చెడగొట్టినప్పుడే శబ్దం పుడుతుంది. డేవిడ్ హ్యూస్ 1879లో లండన్‌లో ప్రదర్శించిన ‘ఇండక్షన్ బ్యాలెన్స్’ వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

జవాబులో రెండు సంగతులుంటాయి. ఒకటి బలం, రెండోది ఆలస్యం. గుడిగంటను కొడితే చాలాసేపు మోగుతుంది, రేకు డబ్బాను కొడితే టక్కుమని ఆగిపోతుంది. మందపాటి వెండి నాణెంలో విద్యుత్ సుడులు గంట మోతలా నిలుస్తాయి, పల్చటి రేకులో చప్పున చల్లారిపోతాయి. అందుకే జవాబు వచ్చే ఆలస్యం ఒక్కో వస్తువుకు ఒక్కోలా ఉంటుంది. ఇనుము వరస వేరు. అది తానే అయస్కాంతంలా మారిపోతుంది కాబట్టి దాని జవాబు మరో దిక్కు నుంచి వస్తుంది. ఈ తేడానే డిటెక్టర్ తెర మీద అంకెగా, చెవిలో స్వరంగా మారుస్తుంది.

అంటే ఆ అంకె లోహం పేరు కాదు. వాహకత, పరిమాణం, మందం, ఆకారం, నేలలో పడివున్న కోణం అన్నీ కలిసి తయారుచేసిన ఒక సగటు జవాబు. అందుకే సన్నటి బంగారు ఉంగరానికీ, కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే అల్యూమినియం కొక్కేనికీ ఒకే అంకె రావచ్చు. “ఇది బంగారమే” అని ఏ మెటల్ డిటెక్టరూ చెప్పలేదు.

ఈ తేడా మన ఇళ్లలోనే కొంత చూడొచ్చు. 1980లలో వచ్చిన రాగి-నికెల్ మిశ్రమపు రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకోదు. 1990ల నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయి అంటుకుంటుంది. రెండింటి విలువా ఒకటే అయినా డిటెక్టర్ దృష్టిలో అవి వేర్వేరు జాతులు. ‘ఇనుమును పట్టించుకోకు’ అని ఆదేశిస్తే రెండో రూపాయిని కూడా అది ఇనుప ముక్కల ఖాతాలో వేసేయవచ్చు.

అలవాటు చేసే మోసం

అంకెల కొలమానాన్ని ఒక్కో తయారీదారు ఒక్కోలా పెట్టుకుంటాడు. పాత యంత్రంలో 80 దాటితే వెండి అని చెవికి, కంటికి అలవాటైపోయి ఉంటుంది. కొత్తదాంట్లో కొలమానమే 40 దగ్గర ఆగిపోవచ్చు. శ్రుతి మార్చిన హార్మోనియం ముందు కూర్చున్న గాయకుడి పరిస్థితి అతనిది. వేళ్లు పాత మెట్ల మీదకే వెళతాయి.

అంకెల కన్నా లోతైన తేడా పౌనఃపున్యంలో ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ విద్యుత్ సుడులు లోహం పైపొరకే పరిమితమవుతాయి. రాగిలో 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ పొర మందం సుమారు 0.66 మిల్లీమీటర్లు. 40 కిలోహెర్ట్జ్ దగ్గర అందులో సగం. చిన్న, పల్చటి వస్తువులు ఎక్కువ పౌనఃపున్యానికి బాగా పలుకుతాయి. పెద్ద వెండి నాణేలకు తక్కువ పౌనఃపున్యం నప్పుతుంది. పాత యంత్రం ఒకే పౌనఃపున్యంతో పనిచేసేదైతే, కొత్తది ఒకేసారి అనేక పౌనఃపున్యాలు పంపి జవాబులను పోల్చి చూసేదై ఉండొచ్చు. అప్పుడు పాతదానికి అసలు వినిపించని సన్నటి ముక్కలు కూడా కొత్తదాంట్లో గట్టిగా అరుస్తాయి. ఒక్క పూటలోనే జేబు నిండా రేకు ముక్కలు పోగవుతాయి. యంత్రం పాడైందని అనుమానం వస్తుంది. నిజానికి అది ఎక్కువ వింటోంది.

మరో తేడా వేగం. ఒక శబ్దం ముగించుకుని రెండోదానికి సిద్ధమయ్యేందుకు ప్రతి యంత్రానికీ కొంత సమయం కావాలి. పాతవాటిలో అది ఎక్కువ. మేకు పక్కనే నాణెం ఉంటే మేకు గొడవలో నాణెం స్వరం మునిగిపోయేది. కొత్తవాటిలో ఈ వేగాన్ని పెంచుకోవచ్చు, అప్పుడు రెండూ విడివిడిగా వినిపిస్తాయి. అయితే వేగం మరీ పెంచితే లోతున్న వస్తువుల బలహీన సంకేతం చేజారవచ్చు. ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాలి.

తవ్వకముందే రాసుకోవడం

పెరటి పరీక్ష తర్వాత అనుభవజ్ఞులు సాధారణంగా తమకు బాగా తెలిసిన పొలానికే వెళతారు. కొత్త యంత్రం, కొత్త నేల రెండూ ఒకేసారి అయితే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. మొదట తయారీదారు పెట్టి ఇచ్చిన అమరికలతోనే నడుస్తారు. తర్వాత ఒక్కో మీటనే మారుస్తారు.

ముందుగా యంత్రాన్ని నేలకు సర్దాలి. మట్టిలోని ఇనుప ఖనిజాలు కూడా జవాబిస్తాయి కాబట్టి, తీగచుట్టను నేల మీద పైకీ కిందకీ ఆడిస్తూ ఆ జవాబును లెక్కలోంచి తీసేయాలి. ఎర్రటి లాటరైట్ నేలల్లో ఈ పని కష్టం. అలాంటి చోట్ల ‘పల్స్ ఇండక్షన్’ రకం యంత్రాలు ఎక్కువ ఉపయోగపడతాయి. అవి విద్యుత్తును ఒక్కసారిగా ఆపేసి, ఆ తర్వాతి నిశ్శబ్దంలో లోహం విడిచే చివరి ప్రతిధ్వనిని వింటాయి.

ఆ తర్వాత అసలు పాఠం. శబ్దం వచ్చిన చోట చిన్న జెండా గుచ్చి, అంకె, స్వరం, లోపల ఏముందని అనుకుంటున్నదీ తవ్వకముందే రాసుకోవాలి. వీలైతే పాత యంత్రంతో అదే చోట విని దాని మాట కూడా పక్కనే రాయాలి. అప్పుడు తవ్వాలి, చెత్త అనిపించినా సరే. తవ్వాక “ముందే అనుకున్నాను” అనడం మనిషి స్వభావం. కాగితం మీద ఉన్న అంచనా ఆ సర్దుబాటుకు ఒప్పుకోదు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త పాటించే క్రమశిక్షణ ఇదే.

పరుపు చెప్పిన పాఠం

యంత్రం బాగానే ఉన్నా పరిసరాలు తెలియకపోతే ఏమవుతుందో 1881లోనే తేలింది. ఆ ఏడాది జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో ఉండిపోయిన తూటా ఎక్కడుందో కనిపెట్టేందుకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇండక్షన్ బ్యాలెన్స్ పద్ధతితో పరికరం తయారుచేశాడు. ఒంట్లో పాత తూటాలున్న మాజీ సైనికులపై అది పనిచేసింది. అధ్యక్షుడి దగ్గర మాత్రం తికమకపడింది. మంచం పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు విల్లర్డ్ బ్లిస్ ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక జరిపిన పరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమవైపు దొరికింది.

లంకెబిందెలు, లోతు లెక్కలు

తీగచుట్ట నుంచి దూరం పెరిగేకొద్దీ అయస్కాంత క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. తిరిగొచ్చే జవాబు కూడా అలాగే తగ్గుతుంది. రెండూ కలిస్తే, చుట్ట పరిమాణంకన్నా బాగా లోతున్న చిన్న వస్తువు విషయంలో లోతు రెట్టింపైతే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. నాణెం అంత వస్తువు సాధారణంగా 20 - 30 సెంటీమీటర్ల లోపే దొరకడానికి కారణం ఇదే.

భూమిలో ఎంతో లోతున, పదుల మీటర్ల దూరాన ఉన్న బంగారాన్ని గుర్తిస్తామంటూ అమ్మే పరికరాలను ఈ లెక్కతోనే తూచవచ్చు. పనిచేయని పరికరం ఆశను సొమ్ము చేసుకోవడంతోనే ఆగదు. నవ్వులాటకు అమ్మే గోల్ఫ్ బంతుల శోధకాన్ని బాంబులు పట్టే యంత్రమని ఇరాక్ తదితర దేశాలకు అంటగట్టిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు 10 ఏళ్ల జైలుశిక్ష వేసింది. తనిఖీ కేంద్రాల్లో ఆ కడ్డీలను నమ్మి ప్రాణాలు పణంగా పెట్టినవారు ఉన్నారు.

లంకెబిందెల కథలు మన ప్రాంతంలోనూ తక్కువేం కాదు. గుప్తనిధుల కోసం పాత గుళ్లు, కోటలు తవ్వి పాడుచేసిన వార్తలు తరచుగా వస్తూనే ఉంటాయి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత పురావస్తు స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరం.

ఎప్పుడు ఆపాలో తెలియాలి

నైపుణ్యమంటే తవ్వడమే కాదు. 2010 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ వింత శబ్దం విని తవ్వాడు. అడుగుకు కాస్త పైగా లోతులో కుండ అంచు, చిన్న నాణేలు కనిపించగానే ఆపేసి పురావస్తు నిపుణులకు చెప్పాడు. వారు పొరలుపొరలుగా తీస్తే 52,503 రోమన్ నాణేలు తేలాయి. అన్నిటికన్నా కొత్తవైన కరౌసియస్ కాలపు నాణేల్లో అధికభాగం కుండ పైన కాక కింది పొరల్లో దొరికాయి. అంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన హుండీ కాదు, ఒకేసారి నింపిన కుండ. తొందరపడి బస్తాలోకి ఎత్తి ఉంటే నాణేలు మిగిలేవి, ఈ సంగతి మాత్రం ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇదే భౌతికశాస్త్రం మందుపాతరలు తొలగించేవారి చేతిలో ప్రాణరక్షణ సాధనం. స్కాట్లాండ్‌లో ఉన్న పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్‌కీ 1941లో రూపొందించిన శోధకాలను 1942 ఎల్ అలమైన్ యుద్ధంలో వాడారు. నేటి ప్లాస్టిక్ మందుపాతరల్లో కొన్నిటిలో లోహం ఒక గ్రాము కూడా ఉండదు. అందుకే వాటిని వెతికేవారు రోజూ పని మొదలుపెట్టే ముందు తెలిసిన పరీక్ష వస్తువుపై యంత్రాన్ని ఆడించి, అది సరిగ్గా పలికాకే అడుగు వేస్తారు. నిన్న పనిచేసిందన్న భరోసా అక్కడ చెల్లదు.

పొలంలోని అభిరుచిపరుడికి అంత ప్రమాదం లేదు. తప్పు వింటే ఒక మధ్యాహ్నం వృథా అవుతుంది, లేదా ఒక నాణెం నేలలోనే ఉండిపోతుంది. అయినా అతని పుస్తకంలో రెండు వరసలుంటాయి. తవ్వకముందు అనుకున్నది ఒకటి, తవ్వాక దొరికింది ఇంకొకటి. మొదటి పేజీల్లో రెండూ ఎక్కడా కలవవు. కొన్ని వారాలు గడిచాక, అవి ఎక్కువసార్లు కలవడం మొదలైనప్పుడు, పాత యంత్రం అటక ఎక్కుతుంది.